పండిత రమాబాయియు కరవు బిడ్డలును

ఈ సంవత్సరము తొమ్మిదవ తరగతిలో హిందూదేశ చరిత్రను బోధించుచు, పందొమ్మిదవ శతాబ్దపు కరవులను గూర్చిన పాఠమునకు వచ్చితిమి. తేదీలను, కరవుపాలైన సీమల పేర్లను నల్లబల్లపై వ్రాసి, ఆ కాలమున దిక్కులేని బిడ్డలను చేరదీసిన క్రైస్తవ సేవకులను గూర్చి నాలుగు మాటలు చెప్పితిమి. అంతలో వెనుకబల్లనుండి యొక బాలుడు లేచి, "మాస్టరుగారూ, అన్నము పెట్టినవారి పేర్లు పుస్తకములో నున్నవి. తిన్నవారి పేరొక్కటియు లేదేమండీ?" అని యడిగెను. ఆ బాలుడు మన బోర్డింగులో నుండి చదువుకొనువాడు. తరగతిలో కొందరు నవ్విరి. మాకు నవ్వు రాలేదు; ప్రత్యుత్తరమును తోచలేదు. గంట మ్రోగుటచేత ఆ దినమునకు గండము గడచినది.

ఆ ప్రశ్న మమ్ము బాధించుటకు వేరొక కారణము గలదు. చాల యేండ్ల క్రిందట మేము మఱియొక యూర పనిచేయుచుండగా, దూరదేశమునుండి యిద్దరు దాతలు పాఠశాలను జూడవచ్చిరి. బోర్డింగు పిల్లలను వరుసగా కూర్చుండబెట్టి, కంచములలో అన్నము వడ్డింపించి, ఛాయాపటము తీయువఱకు ఎవరును చేయి పెట్టరాదని ఆజ్ఞాపించినది మేమే. పటము తీయువాని యంత్రములో నేమి చిక్కు వచ్చెనో గాని అరగంట పట్టెను. అన్నము చల్లారిపోయెను. వరుస చివర నున్న యొక పసివాడు మోకాళ్ళ నడుమ మొగము దాచుకొనెను. అచ్చైన పటములో వాని తల వెండ్రుకలు మాత్రమే కనబడుచున్నవి. వచ్చిన దాతలు మంచివారు. వారు పటమును కోరనైన లేదు. తప్పు మాది.

కాబట్టి ఆ బాలుని ప్రశ్నకు ప్రత్యుత్తరమును వెదకుచు మేము గ్రంథములను తిరుగవేసితిమి. బీదబిడ్డలకై ప్రాణములను ధారపోసిన దైవసేవకులు అనేకులు గలరు. ఇంగ్లాండు దేశమున బ్రిస్టలు పట్టణములో జార్జి ముల్లరుగారు 1836లో నారంభించిన అనాథశరణాలయములను గూర్చి మన సండేస్కూలు పిల్లలకు తెలిసియే యుండును. అయినను ఇచ్చట మేము ఎన్నుకొన్నది పండిత రమాబాయి చరిత్రము. ఏలయనగా ఆమె జీవితమున అన్నములేక పడియున్న బిడ్డయు, అన్నము పెట్టిన తల్లియు ఒక్కరే.

రమాబాయి 1858 ఏప్రిల్ 23వ తేదీన పడమటి కనుమలలోని గంగామూల యను అడవిప్రదేశమున జన్మించెను. తండ్రి అనంతశాస్త్రి డోంగ్రేగారు గొప్ప సంస్కృత పండితులు. స్త్రీలకు సంస్కృతము నేర్పరాదని లోకము పట్టుపట్టిన దినములలో ఆయన తన భార్య లక్ష్మీబాయికి నేర్పెను. ఆమె కూతునకు నేర్పెను. ఈ కుటుంబము తీర్థములనుండి తీర్థములకు కాలినడకను తిరుగుచు, దేవాలయ మంటపములలో పురాణములు చదివి, వినువారిచ్చిన దానితో జీవించుచుండెను. చిన్ననాటనే రమాబాయికి భాగవత శ్లోకములు వేలకొలది కంఠస్థమయ్యెను.

ఆ తరువాత కరవు వచ్చెను. మన తెలుగుసీమలో ధాత కరవని పేరుబడినది 1876వ సంవత్సరమున మొదలైనది. ఈ కుటుంబమునకు దానికి రెండేండ్ల ముందుగనే, 1874లో, ఇక్కట్టు మూడెను. పురాణము వినువారికే గ్రాసము లేనప్పుడు పౌరాణికునకు ఎవరు పెట్టుదురు? నగలు, పాత్రలు, మంచి వస్త్రములు ఒక్కటొక్కటిగా అమ్ముడుపోయెను. తుదకు కడపటి గింజయు అయిపోయిన దినమున వారున్న స్థలము మన తిరుపతి. అయినవారి యెదుట దరిద్రులై నగుబాటగుటకంటె అడవిలో చచ్చుట మేలని ముసలితండ్రియు, తల్లియు, అన్నయు, అక్కయు, పదునాఱేండ్ల రమాబాయియు ఆలోచించుకొని, రాత్రివేళ ఊరు విడచి కొండల యడవిలో ప్రవేశించిరి. పదునొకండు దినములు ఆకులును నీళ్ళును పిడికెడు ఈతపండ్లును వారి యాహారము.

ఆ కాలమును తలచుకొని రమాబాయి పిమ్మట వ్రాసినదానిలో ఒక సంగతి మమ్ము నిలిపివేసినది. అది ఆకలిని గూర్చినది కాదు. తమకు బిచ్చమెత్తుటకు కులాభిమానము అడ్డువచ్చెననియు, కూలిపని చేయుటకు అదే అడ్డువచ్చెననియు, ఇతరమైన పనియేదియు తమకు నేర్పబడలేదనియు ఆమె దాపరికము లేక ఒప్పుకొన్నది. వేలకొలది శ్లోకములు వచ్చియు ఒక పూట కూటికి పనికివచ్చు పని చేతికి రాదు. ఈ మాటను చదువరులు మనస్సున నుంచుకొనవలెను. కేడ్గాములో ఆమె చేసిన దానికి మూలము ఇచ్చటనే యున్నది.

అడవినుండి బయటికి వచ్చిన కొలది దినములకే తండ్రి చనిపోయెను. కొన్ని నెలలలో తల్లియు పోయెను. తల్లి శవమును మోయుటకు నలుగురు దొరకలేదు. ఇద్దరు బ్రాహ్మణులు దయతో ముందుకు వచ్చిరి; అన్నగారు మూడవవారు; నాలుగవ కొమ్ము రమాబాయి పట్టెను. ఆమె పొట్టిది గనుక భుజమున కందక తలపై మోయవలసివచ్చెను. అక్కయు చనిపోయిన తరువాత అన్నాచెల్లెండ్రిద్దరే మిగిలి, ఉత్తరదేశమంతయు నడచిరి. పంజాబులో జీలమునది యొడ్డున చలికి తాళలేక, ఇసుకలో సమాధులవంటి గోతులు త్రవ్వుకొని, తల మాత్రము పైకి నుంచి, పొడియిసుకను కప్పుకొని పండుకొనిరట!

ఇక నడిమి సంగతులను త్వరగా దాటుదము. 1878లో ఆమె కలకత్తా చేరగా అక్కడి విద్వాంసులు ఆమె పాండిత్యమునకు అబ్బురపడి "పండిత", "సరస్వతి" యను బిరుదముల నిచ్చిరి. 1880లో అన్నగారు మరణించిరి. ఆ యేడే ఆమెకు వివాహమయ్యెను. 1882లో భర్తయు పోయెను. మనోరమ యను చిన్న కూతురు మిగిలెను. 1883లో వైద్యవిద్య నేర్వగోరి ఇంగ్లాండునకు పోయెను గాని, చెవుడు వచ్చుటచేత ఆ కోరిక నెరవేరలేదు. ఆ సంవత్సరముననే అచ్చట బాప్తిస్మము పొందెను. పిమ్మట అమెరికాకు పోయి, హిందూదేశములోని బాలవితంతువుల స్థితిని గూర్చి గ్రంథము వ్రాసి, ఉపన్యసించి, బోస్టను పట్టణములో ఒక సంఘమును 1887లో ఏర్పరచెను. పదియేండ్లపాటు ఖర్చులు భరింతుమని ఆ సంఘము మాటయిచ్చెను. దానితో 1889 మార్చి 11వ తేదీన బొంబాయిలో "శారదాసదనము" అను వితంతు పాఠశాలను తెఱచి, మరుసటి యేడు దానిని పూనాకు మార్చెను.

ఇచ్చట ఒక కలతను చెప్పక మానుట న్యాయము కాదు. శారదాసదనములో మతవిషయమున ఎవరిని నిర్బంధింపబోమని ఒప్పందము. రమాబాయి నిర్బంధింపలేదు. అయితే తాను ప్రార్థించుకొను గది తలుపు మూయలేదు. బాలికలు వచ్చి కూర్చుండిరి. సంగతి పత్రికల కెక్కెను. 1893లో మహాదేవ గోవింద రానడే, రామకృష్ణ గోపాల భాండార్కర్ మొదలగు పెద్దలు సలహాసంఘమునుండి తప్పుకొనిరి. పలువురు తమ బిడ్డలను తీసికొనిపోయిరి. మన క్రైస్తవ పత్రికలు ఈ ఘట్టమును జయముగానే వర్ణించుట వాడుక. మేము తలిదండ్రులతో మాటలాడుట వృత్తిగా గలవారము. నమ్మి బిడ్డ నప్పగించినవారి భయము వట్టిదని చెప్పజాలము. ఆకలితోనో దిక్కులేకనో చేరిన బిడ్డ, పెట్టిన చేతికి కాదని చెప్పుట కష్టము గదా! తలుపు తెఱచియుంచుట తప్పని మేమనుట లేదు. ఆ తలుపునుండి బయటికి పోవుటకు కూడ బిడ్డకు స్వేచ్ఛ యున్నదా లేదా యని సేవకుడు నిత్యము విచారించుకొనవలెను.

శారదాసదనమున అట్టి స్వేచ్ఛ యుండెననుటకు ఒక సాక్ష్యము గలదు. అందు మొదట చేరినవారిలో గోదుబాయి యను బాలవితంతువు ఒకతె. ఎనిమిదేండ్ల ప్రాయముననే ఆమె భర్త చనిపోయెను. అన్నగారు ఆమెను బొంబాయిలో రమాబాయియొద్ద విడచిరి. ఆమె అచ్చట చదువుకొని, హిందువుగానే యుండి, 1893లో ఆచార్య కర్వేగారిని వివాహమాడి, ఆనందీబాయి యను పేరుతో ప్రసిద్ధి కెక్కెను. కర్వేగారు 1896లో స్థాపించిన వితంతు శరణాలయమునకు ఆమె యింటింటికి తిరిగి చందాలు పోగుచేసెను.

ఇప్పుడు 1896వ సంవత్సరమునకు వచ్చితిమి. మధ్యరాష్ట్రములో మహాక్షామము. బోస్టను సంఘమువారి పదియేండ్ల గడువు దగ్గర పడుచున్నది. గడువు తీరిన తరువాత బాలికల పోషణకై పండ్లతోట వేయవలెనని రమాబాయి పూనాకు తూర్పున, రైలుమార్గము ప్రక్కన, కేడ్గాము అను గ్రామమున సుమారు నూఱెకరముల బీటినేలను కొనియుండెను. నూతులు త్రవ్వుచుండిరి. చేత సొమ్ము లేదు. పోవద్దని వివేకము చెప్పుచుండెను. అయితే తిరుపతి యడవి జ్ఞాపకము వచ్చెను. అట్టి కష్టమును అనుభవించినదానను, ఎట్లు ఊరకుండగలనని ఆమె తనలో తాననుకొని బయలుదేఱెను.

ఆ సీమలో ఆమె చూచిన దేమి? ప్రభుత్వమువారు ఏర్పరచిన దరిద్రశాలలు గలవు. కరవు పనులు గలవు. గాని వయసు వచ్చిన పెద్దలకే దొరకని గ్రాసము తల్లిలేని పసిదానికి ఎట్లు దొరకును? మఱియు అంతకంటె ఘోరమైన ఆపద యొకటి అచ్చట పొంచియుండెను. దిక్కులేని ఆడుబిడ్డలను మాయమాటలతో తోడుకొనిపోవు దుర్మార్గులు ఆ శాలల చుట్టును తిరుగుచుండిరి. ఆకలిగొన్న బిడ్డకు రొట్టె చూపినవాడే బంధువు. రమాబాయి మున్నూఱుమంది బాలికలను వితంతువులను చేరదీయ నిశ్చయించి, గుంపులు గుంపులుగా రైలెక్కించి తెచ్చెను.

తెచ్చినతోడనే మఱియొక చిక్కు. 1897 ఆరంభమున పూనాలో ప్లేగు వ్యాపించెను. క్రొత్తవారిని పట్టణములో నుంచవలదని అధికారులు శాసించిరి. మున్నూఱుమంది రోగపీడితులైన బిడ్డలు. పట్టణమున చోటు లేదు. కేడ్గాములో ఇల్లు లేదు. గుడారములును గడ్డిపాకలును వేసి ఆ బీటినేలలోనే వారిని దింపిరి. తోటకని కొన్న నేల బిడ్డలకు నివాసమయ్యెను. దానికే "ముక్తి" యని పేరు.

సేవ యనగా ఆలయవేదికపై పాడు కీర్తనవలె ఇంపుగా నుండునని తలంచు యువకులు ఈ గడ్డిపాకలను కొంచెము ఊహించి చూడవలెను. ఎముకలు లెక్కపెట్టదగిన శరీరములు; ఒంటినిండ పుండ్లు; తలనిండ పేలు. క్షామములో ఎండిన బిడ్డకు కడుపునిండ అన్నము పెట్టుట దయ కాదు, ప్రాణహాని. చాలదినములు ఉపవాసమున్న దేహము ఒక్కసారిగా వచ్చిన ఆహారమును భరింపలేక కూలిపోవునని వైద్యులు నేడు వివరించుచున్నారు. పలుచని గంజి కొంచెము కొంచెముగా, పలుమాఱులు, రాత్రియు పగలును పోయవలెను. బిడ్డ యింకను కావలెనని యేడ్చును. పెట్టకుండుటకు గుండె దిటవు చేసికొనవలెను. ఇంతచేసినను వచ్చినవారందరును బ్రదుకలేదు.

బ్రదికినవారి స్వభావమును ఒక్క దినమున మాఱునది కాదు. ఆకలి ఎఱిగిన బిడ్డ రేపటి కూటిని నమ్మదు. మేమును బోర్డింగు పర్యవేక్షణ చేసిన దినములలో, ట్రంకుపెట్టె వాసన వచ్చుచున్నదని తెఱపించి చూడగా, ఒక చిన్నవాని చొక్కాల నడుమ పాచిపోయిన అన్నపుముద్దలు కాగితములో చుట్టబడి యుండెను. ఆ దినమున వానిని దొంగయని కొట్టబోయిన చేయి ఎవరు ఆపిరో మాకు తెలియదు. దేవుడే ఆపెనని చెప్పుకొందుము. అట్టి బిడ్డలు మున్నూఱుమంది ఒక్కచోట నున్నయెడల ఎట్లుండునో చదువరులే యూహింపవచ్చును.

ఈ భారమును రమాబాయి ఎట్లు మోసెను? ఒంటరిగా మోయలేదు. ఇందుకే మేము ఈ చరిత్రను ఎన్నుకొంటిమి. శారదాసదనములో ముందు పెరిగిన వితంతు బాలికలను పిలిచి, క్రొత్తగా వచ్చినవారిని కొందఱికి కొందఱు చొప్పున అప్పగించెను. తల దువ్వుట, పుండ్లు కడుగుట, గంజి పోయుట, అక్షరములు నేర్పుట, రాత్రి ప్రక్కను పండుకొనుట యంతయు వారి పని. నిన్నటివఱకు ఇంటి మూలలో అపశకునముగా ఎంచబడిన పడుచు నేడు పదిమందికి తల్లి యయ్యెను. మూడేండ్ల తరువాత, 1899-1900లో గుజరాతు, రాజపుతానా సీమలలో మఱల కరవు వచ్చినప్పుడు, రమాబాయి తాను పెంచిన స్త్రీలనే ఆ సీమలకు పంపి బిడ్డలను తెప్పించెను. అట్లు పోయినవారిలో తాము కరవునుండి తేబడినవారును ఉండిరి. ఒక దరిద్రశాల గుమ్మమున నిలిచి, ఏ బిడ్డ రొట్టె చూచి వెనుకకు జంకుచున్నదో, ఏ బిడ్డ లేవలేక పండుకొనియున్నదో కనిపెట్టుటకు వారికంటె తగినవారు ఎవరు? అప్పటికి ముక్తిలోని జనసంఖ్య ఇంచుమించుగా 2,000 అయ్యెను.

ఇంతమందిని చందాలపై కూర్చుండబెట్టి పోషింపవలెనని ఆమె తలంపలేదు. నేత, కుట్టుపని, పాడి, నూనెగానుగ, తోటపని, వంట, అచ్చుపని మొదలగు పనులు అచ్చట వెలసెను. చదువును పనియు రెండును ప్రతి బాలికకు నేర్పబడెను. తిరుపతిలో శ్లోకములుండియు పని రాక చావబోయిన కుటుంబమును మనము మఱువలేదు గదా. అంధబాలికలకు మనోరమాబాయి వ్రేళ్ళతో తడవి చదువు చుక్కల లిపిని నేర్పెను. వారును అల్లికపనులు చేసి పదుగురిలో పనివారైరి. చెడుదారిలో పడినవారని లోకము వెలివేసిన స్త్రీలకు "కృపాసదనము" వేఱుగా కట్టబడెను.

ఆమె వార్ధక్యమున చేసిన పనిని గూర్చి ఒక మాట. అప్పటి మరాఠీ బైబిలు భాష చదువురాని పల్లెటూరి స్త్రీలకు దుర్గ్రాహ్యముగా నుండెనని ఆమె యభిప్రాయము. ఏబది యేండ్లకు దగ్గరపడిన ప్రాయమున హెబ్రీ, గ్రీకు భాషలను అభ్యసించి, మూలమునుండి తేటమాటలలో బైబిలంతయు తానే తర్జుమా చేయసాగెను. పాఠశాల, భోజనశాల, ఆసుపత్రి లెక్కలు చూచుకొనుచునే సుమారు పదునెనిమిదేండ్లు ఆ పనిలో గడపెను. అక్షరములు కూర్చినవారును, అచ్చువేసినవారును ముక్తిలోని స్త్రీలే. 1921 జూలైలో మనోరమ చనిపోయెను. తనకు వారసురాలగునని తల్లి నమ్మియుండిన కూతురు ఆమె. రమాబాయి పని మానలేదు. ప్రూఫులను దిద్దుచునే యుండి, 1922 ఏప్రిల్ 5వ తేదీన నిద్రలో పరమపదించెను. సంపూర్ణ గ్రంథము 1924లో వెలువడెను. కేడ్గాములోని ముక్తి నేటికిని పనిచేయుచునే యున్నది.

దసరా సెలవుల తరువాత మేము ఈ పాఠమును మఱల తొమ్మిదవ తరగతిలో చెప్పితిమి. ఛాయాపటమును గూర్చిన మా తప్పును కూడ దాచలేదు. పిల్లలు నిశ్శబ్దముగా వినిరి. ప్రశ్న యడిగిన బాలుడు ఈ పర్యాయము లేవలేదు. గంట మ్రోగి అందఱును పోవుచుండగా మా బల్లయొద్దకు వచ్చి, "గోదుబాయి యను పేరు ఎట్లు వ్రాయవలెనండీ, హ్రస్వమా దీర్ఘమా?" అని యడిగి, నోటుపుస్తకములో వ్రాసికొని, "ఒక్కటి దొరికినదండీ" అని చెప్పి పోయెను.